పాత ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ లాంటివాటికి నమ్మకమైన మెకానిక్ దొరికేదెలా? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త సామాను చెడిపోతే వారంటీ కార్డు ఉంటుంది, అడగడానికి కంపెనీ ఉంటుంది. పదేళ్లు దాటినది చెడిపోతే ఎవరిని పిలవాలో తెలియదు, వచ్చినవాళ్ల మాట ఎంతవరకు నమ్మాలో అంతకన్నా తెలియదు. ఈ విషయంలో ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు జవాబులు కింద ఉన్నాయి. జవాబులన్నీ చివరికి ఒక్కచోటికే వస్తాయి: మీటరు పెట్టకుండా, వెనక మూత విప్పకుండా "ఫలానాది పోయింది" అని తేల్చేసేవాళ్లకు పని అప్పగించకండి.

ఇంత పాతదానికి రిపేరు చేయించడం డబ్బు దండగ కాదా?

వయసు చూసి నిర్ణయించే విషయం కాదిది, ఏం పోయిందో చూసి నిర్ణయించాలి. ఇరవై ఏళ్ల ఫ్రిజ్‌లో చల్లదనాన్ని అదుపు చేసే థర్మోస్టాట్ పోతే అది చిన్న పని. ఐదేళ్ల ఫ్రిజ్‌లో గోడ లోపల ఫోమ్ మధ్య ఉన్న పైపు లీకైతే దాదాపు చేతులెత్తేయాల్సిందే. రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తది కొనడం మేలని ఒక వాడుక లెక్క ఉంది. నా దృష్టిలో ఆ లెక్క కాస్త తొందరపాటుది. ఆ సగంతో ఇంకో ఏడెనిమిదేళ్లు నడిచేటట్టయితే పెట్టొచ్చు, ఏడాదిలో ఇంకోటి పోయేటట్టుంటే అందులో పావు వంతు కూడా ఎక్కువే.

కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. ప్లగ్గుకీ సాకెట్‌కీ మధ్య పెట్టే చిన్న ఎనర్జీ మీటర్లు దొరుకుతాయి. ఫ్రిజ్‌ను దానిమీద రెండు రోజులు నడిపితే రోజుకు ఎన్ని యూనిట్లు తాగుతోందో తెలిసిపోతుంది. "పాతవన్నీ కరెంటు తినేస్తాయి" అని షాపువాళ్లు అనే మాట కన్నా ఆ అంకె నమ్మదగినది. కాకపోతే తలుపు రబ్బరు వదులైనా, వెనక కాయిల్‌కు దుమ్ము పట్టినా ఆ అంకె పెరుగుతుంది. అవి సరిచేశాకే కొలవండి.

మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు ఏమేం చూసుకోవాలి?

ముందు సాకెట్‌లో కరెంటు ఉందో లేదో. నవ్వొద్దు, వేరే సామాను ఒకటి ఆ ప్లగ్గులో పెట్టి చూస్తే తీరిపోయే విజిట్లు బోలెడు. వాషింగ్ మెషీన్ నీళ్లు వదలకపోతే కింద ముందువైపు ఉండే పంపు ఫిల్టరు విప్పండి, నాణేలో, తలపిన్నో, గుండీలో దొరకొచ్చు. నీళ్లు రాకపోతే నీటి గొట్టం మెషీన్‌కు తగిలేచోట ఉండే చిన్న జాలీ మట్టితో పూడుకుపోయి ఉండొచ్చు. ఫ్రిజ్ చల్లబడకపోతే తలుపు రబ్బరుకూ ఫ్రేముకూ మధ్య కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా జారి వచ్చేస్తే చల్లదనం అక్కడినుంచే పోతోంది.

తర్వాత మోడల్ నంబరు. ముందు మెరిసే అక్షరాలతో ఉండేది అమ్మకం కోసం పెట్టిన పేరు, దానితో పార్టు దొరకదు. అసలు నంబరు చిన్న స్టిక్కరు మీద ఉంటుంది. ఫ్రిజ్‌కైతే లోపలి గోడమీదో వెనకో, ముందు తలుపు ఉన్న వాషింగ్ మెషీన్‌కైతే తలుపు తెరిస్తే కనిపించే అంచు దగ్గర, మైక్రోవేవ్‌కైతే తలుపు ఫ్రేము మీదో వెనకో చూడండి. ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటే సరి.

ఇక చెప్పే పద్ధతి. "గ్యాస్ అయిపోయినట్టుంది, వచ్చి నింపండి" అన్నారంటే వచ్చినవాళ్లు గ్యాసే నింపి వెళ్తారు. రోగం పేరు మీరు పెట్టకండి, లక్షణాలు చెప్పండి: పైన ఐస్ గడుతోంది కానీ కింద చల్లబడడం లేదు, నాలుగైదు నిమిషాలకోసారి టక్‌మని శబ్దం వస్తోంది, ఎప్పటినుంచి ఇలా ఉంది, అంతకు ముందు కరెంటు హెచ్చుతగ్గులు వచ్చాయా. శబ్దం వచ్చేటప్పుడు వీడియో తీసుకోండి. మెకానిక్ వచ్చేసరికి ఏ మెషీనైనా బుద్ధిగా నడుస్తుంది మరి!

కంపెనీ సర్వీస్ సెంటరు మంచిదా, బయటి మెకానిక్ మంచివాడా?

వారంటీలో ఉంటే కంపెనీయే. దాటిపోయి ఎన్నో ఏళ్లయితే నా ఓటు బయటి మెకానిక్‌కు, షరతులతో.

కంపెనీ తరఫున వచ్చేవాళ్లకు ఆ బ్రాండు కొత్త మోడళ్లు బాగా తెలుస్తాయి, అసలు పార్టు దొరుకుతుంది, బిల్లు పక్కాగా ఉంటుంది. కానీ చాలాచోట్ల ఆ సర్వీస్ సెంటర్లను నడిపేది కంపెనీ కాదు, కాంట్రాక్టు తీసుకున్న ఏజెన్సీలు. పాత మెషీన్ చూడగానే "ఈ మోడల్ ఆగిపోయిందండీ, ఎక్స్‌చేంజ్ ఆఫర్ ఉంది" అనే మాట రావడం మామూలే. పార్టు విప్పి బాగుచేయడం కన్నా మొత్తం మార్చేయడం వాళ్ల పద్ధతి. బయట పాతికేళ్లుగా పనిచేస్తున్న మనిషికి మీ మెషీన్ కొత్తగా ఉన్నప్పటి సంగతులు కూడా తెలిసి ఉంటాయి. అయితే ఇన్వర్టర్ కంప్రెసర్లు (అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే రకం), సెన్సర్లు ఉన్న మోడళ్ల దగ్గర అలాంటి అనుభవజ్ఞులు కూడా తడబడొచ్చు. అందుకే అనుభవం ఎన్నేళ్లని కాకుండా "ఈ రకం మెషీన్ ఇంతకు ముందు విప్పారా?" అని అడగండి.

కస్టమర్ కేర్ నంబరు ఇంటర్నెట్‌లో వెతికి ఫోన్ చేయొచ్చా?

సెర్చ్‌లో మొదట కనిపించిన నంబరుకు చేయొద్దు. పెద్ద పెద్ద బ్రాండ్ల పేర్లు, లోగోలు వాడుకుని దొంగ సైట్లు, దొంగ ప్రకటనలు పెట్టేవాళ్లు ఉన్నారు. వీళ్లలో రెండు రకాలు. ఒక రకం, బ్రాండు పేరు చెప్పి ఎవరో ఒకరిని పంపి అడ్డగోలుగా వసూలు చేసేవాళ్లు. ఇంకో రకం, అసలు మెషీన్‌తో సంబంధమే లేనివాళ్లు. బుకింగ్ కోసం చిన్న మొత్తం కట్టమని లింకు పంపుతారు, లేదా "ఈ యాప్ వేసుకోండి, మేమే ఫారం నింపుతాం" అంటారు. ఆ యాప్‌తో మీ ఫోన్ స్క్రీన్ వాళ్లకు కనిపిస్తుంది, తర్వాత బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది.

సరైన నంబరు మెషీన్ మీది స్టిక్కరు మీద, యూజర్ మాన్యువల్‌లో, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉంటుంది. సైట్ చిరునామా మీరే టైప్ చేయండి. రిపేరు బుక్ చేయడానికి మీ కార్డు నంబరుతోనూ, బ్యాంకు ఓటీపీతోనూ, స్క్రీన్ షేరింగ్‌తోనూ ఎవరికీ పని ఉండదు.

మరి మంచి మెకానిక్ ఎక్కడ దొరుకుతాడు?

స్పేర్ పార్టులు అమ్మే షాపులో అడగండి. తెలిసినవాళ్లు చెప్పిన పేరు మంచిదే, కానీ వాళ్లకు తెలిసింది ఒక్క అనుభవం. పార్టుల షాపు అతనికి ఊళ్లోని మెకానిక్‌లందరి చరిత్రా తెలుసు: ఎవరు కేపాసిటర్ లాంటి చిన్న పార్టు కొంటారు, ఎవరు అవసరం ఉన్నా లేకపోయినా మెషీన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డులే కొంటారు, ఎవరు అప్పు ఎగ్గొడతారు, ఎవరు పాత పార్టు చేత్తో పట్టుకొచ్చి "ఇదే కావాలి" అని సరిపోల్చి తీసుకెళ్తారు. రద్దీ లేని వేళ వెళ్లి "పాత వాషింగ్ మెషీన్ల పని బాగా చేసేదెవరండీ?" అని అడిగితే ఒకటి రెండు పేర్లు చెబుతారు. ఒకే పేరు రెండు షాపుల్లో వినిపించిందంటే ఆ మనిషిని పిలవొచ్చు.

మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీల పనైతే మోటారు తీగలు చుట్టే వైండింగ్ షాపుకే వెళ్లండి. హాస్టళ్లు, లాండ్రీలు నడిపేవాళ్లకు ఎప్పుడూ ఒక ఆస్థాన మెకానిక్ ఉంటాడు, మెషీన్ ఆగితే వాళ్ల వ్యాపారమే ఆగుతుంది కాబట్టి పనికిరానివాణ్ని పెట్టుకోరు. వాళ్లనూ అడగండి. కొన్ని నగరాల్లో రిపేర్ కేఫ్‌లు జరుగుతుంటాయి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలై చాలా దేశాలకు పాకిన పద్ధతి ఇది. చెడిన సామాను తీసుకెళ్తే తెలిసినవాళ్లు పక్కన కూర్చోబెట్టుకుని ఉచితంగా సాయం చేస్తారు. ఫ్రిజ్ మోసుకెళ్లలేరు కానీ టేబుల్ ఫ్యాన్, ఇస్త్రీ పెట్టె లాంటివాటికి చక్కటి చోటు.

ఆన్‌లైన్ రివ్యూలు నమ్మొచ్చా?

నక్షత్రాలు లెక్కపెట్టకండి, మాటలు చదవండి. "సూపర్ సర్వీస్, వెరీ గుడ్" అని ఒకే వారంలో ఇరవై మంది రాస్తే అది పనికిరాదు. "డ్రయర్ తిరగకపోతే బెల్టు మార్చారు, పాత బెల్టు చూపించారు" లాంటి ఒక్క వాక్యం వాటన్నిటికన్నా విలువైనది. తక్కువ నక్షత్రాలిచ్చినవాళ్లకు ఆ షాపు ఎలా జవాబిచ్చిందో కూడా చూడండి. గొడవ వచ్చినప్పుడు మీతోనూ అలాగే మాట్లాడతారు.

ఫోన్‌లో మాట్లాడినప్పుడే మనిషిని అంచనా వేయొచ్చా?

చాలావరకు. మీరు లక్షణం చెప్పగానే ఎదురు ప్రశ్నలు వేస్తే మంచి గుర్తు. "లోపల లైటు వెలుగుతోందా? వెనక చెయ్యి పెడితే కంప్రెసర్ వేడిగా ఉందా? ఎన్నో మోడల్?" అని అడిగేవాడికి పని తెలుసు. "ఏమీ పర్లేదు సార్, వచ్చి చూస్తాం" తప్ప ఇంకేమీ మాట్లాడని చోట జాగ్రత్త. ఫోన్‌లోనే ఖర్చు ఇంత అని ఖరారు చేసేవాడి దగ్గర ఇంకా జాగ్రత్త, చూడకుండా చెప్పిన రేటు వచ్చాక తప్పకుండా పెరుగుతుంది.

మీరు అడగాల్సినవి మూడు. విజిటింగ్ చార్జీ ఎంత, రిపేరు చేయిస్తే అది బిల్లులో తగ్గిస్తారా? మార్చిన పార్టుకు ఎన్నాళ్ల గ్యారంటీ? పాత పార్టు నాకు ఇచ్చేస్తారా? మూడో ప్రశ్నకు వచ్చే జవాబు శ్రద్ధగా వినండి. చిరాకు పడితే ఇంకొకరిని చూసుకోవచ్చు.

విజిటింగ్ చార్జీ అడిగాడని మాత్రం తప్పు పట్టకండి. రాకపోకలకు, పరీక్షకు డబ్బు తీసుకునేవాడికి అబద్ధపు రిపేరు చెప్పాల్సిన అవసరం తగ్గుతుంది. "చూడ్డానికి ఫ్రీ" అన్నవాడు ఆ ఖర్చు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాల్సిందే కదా.

"గ్యాస్ అయిపోయింది, నింపాలి" అంటున్నారు. నిజమేనా?

ఫ్రిజ్ విషయంలో ఎక్కువ మోసం జరిగే మాట ఇదే, అందుకే కాస్త వివరంగా.

ఫ్రిజ్‌లోని గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. అతుకులన్నీ మూసేసిన గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది, లీకు లేకపోతే ఫ్రిజ్ బతికినంతకాలం సరిపోతుంది. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు పట్టకుండా గ్యాస్ మాత్రం నింపితే కొన్ని వారాలకో నెలలకో మళ్లీ అదే కథ, మళ్లీ అదే బిల్లు. కాబట్టి అడగాల్సింది ఒక్కటే: "లీకు ఎక్కడుంది?"

అసలు గ్యాసే తగ్గిందా అన్నది ఇంకో ప్రశ్న. ఐస్ దానంతటదే కరిగే రకం ఫ్రిజ్‌లో ఫ్రీజర్ బాగానే ఉండి కింది అర చల్లబడకపోతే చాలాసార్లు లోపం గ్యాస్‌ది కాదు. ఫ్రీజర్ వెనక పలక లోపల మంచు గడ్డకట్టి, చల్లగాలి కిందికి రావలసిన దారి మూసుకుపోయి ఉంటుంది. మంచు కరిగించే హీటరో, దాని సెన్సరో, టైమరో పోతే ఇలా అవుతుంది. లోపలి చిన్న ఫ్యాన్ ఆగినా ఇదే లక్షణం. మీరే పరీక్షించొచ్చు: సామానంతా తీసి, ప్లగ్గు పీకి, తలుపు తెరిచి ఒక రోజంతా వదిలేయండి, కింద పాత బట్టలు వేయండి. మళ్లీ ఆన్ చేశాక కొన్ని రోజులు చక్కగా చల్లబడి, తర్వాత పాత కథే మొదలైతే అది మంచు కరిగించే భాగాల సమస్య. గ్యాస్ నింపించి ఉంటే ఆ డబ్బు గాలికి పోయేది.

గ్యాస్ నిజంగా తగ్గితే కంప్రెసర్ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, ఫ్రీజర్ లోపలి కాయిల్‌లో గ్యాస్ ప్రవేశించే వైపు కొంచెం మేరే మంచు పట్టి మిగతాదంతా పొడిగా ఉంటుంది.

పని సరిగ్గా చేసేవాళ్లు ఎలా చేస్తారంటే, గొట్టాల్లో నైట్రోజన్ ఎక్కించి అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూస్తారు. లీకు పూడ్చాక ఫిల్టర్ డ్రయర్ అనే చిన్న రాగి గొట్టాన్ని కొత్తది వేస్తారు. వ్యాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలినీ తేమనూ లాగేస్తారు, దానికి అరగంటో అంతకన్నా ఎక్కువో పడుతుంది. చివరికి వెనక స్టిక్కరు మీద రాసిన బరువు ప్రకారం, కాటా మీద తూచి గ్యాస్ వదులుతారు. పంపు లేకుండా, కాటా లేకుండా, పావుగంటలో "అయిపోయింది సార్" అంటే అది రిపేరు కాదు.

ఏ గ్యాస్ వేస్తున్నారో కూడా చూడండి. ఓజోన్ పొరను కాపాడడానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం తర్వాత, పాత ఫ్రిజ్‌లలో వాడిన ఆర్-12 గ్యాస్ తయారీ ఆగిపోయింది. దాని చోట ఆర్-134ఎ వచ్చింది, ఆ తర్వాత ఆర్-600ఎ. ఈ చివరిది ఐసోబ్యూటేన్, మండే గ్యాస్. అందుకే ఇంటి ఫ్రిజ్‌లలో కొన్ని పదుల గ్రాములే ఉంటుంది, నాలుగు గ్రాముల తేడా కూడా లెక్కలోకి వస్తుంది. ఆ గ్యాస్ గొట్టంలో ఉండగానే మంటతో వెల్డింగ్ పెడతానన్నవాణ్ని ఆపేయండి. ఆర్-134ఎ కోసం తయారైన ఫ్రిజ్‌లో చవకని ఆర్-600ఎ వేస్తానన్నా ఒప్పుకోకండి. లోపలి థర్మోస్టాట్, స్విచ్చులు మండే గ్యాస్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు.

"కంప్రెసర్ పోయింది" అంటే ఎలా నమ్మాలి?

మీటరు చూపించమనండి. మామూలు కంప్రెసర్ పక్కన చిన్న ప్లాస్టిక్ మూత తీస్తే మూడు పిన్నులు కనిపిస్తాయి: కామన్, స్టార్ట్, రన్. మల్టీమీటరుతో రెండేసి పిన్నుల మధ్య ఓమ్‌లు కొలుస్తారు. మూడు అంకెలు వస్తాయి. వాటిలో పెద్దది మిగతా రెండింటి మొత్తానికి సుమారు సమానంగా ఉంటే వైండింగ్ బాగున్నట్టే. ఉదాహరణకు 12, 18 వచ్చినచోట మూడోది 30కి దగ్గరగా రావాలి. ఏ పిన్నుకూ కంప్రెసర్ ఇనుప ఒంటికీ మధ్య కనెక్షన్ చూపించకూడదు, చూపిస్తే షార్టయినట్టు. ఇదంతా ఐదు నిమిషాల పని.

అంకెలు సరిగ్గా ఉండి కూడా కంప్రెసర్ టక్ టక్‌మంటూ లేవకపోతే ముందు అనుమానించాల్సింది పిన్నుల మీద కూర్చుని కంప్రెసర్‌ను స్టార్ట్ చేసే రిలేని, వేడెక్కితే కరెంటు ఆపే ఓవర్‌లోడ్‌ని. తీసి చెవి దగ్గర పెట్టి ఊపితే రిలే లోపల గలగలమంటే అది విరిగి ఉండొచ్చు. చిన్న పార్టు, చవక పార్టు. అది మార్చి చూడకుండా కంప్రెసర్‌ను చంపేయకూడదు. అయితే లోపల పిస్టన్ బిగుసుకుపోయినా, వాల్వులు అరిగి ఒత్తిడి పుట్టకపోయినా వైండింగ్ అంకెలు బాగానే ఉంటాయి. అది ఎలా తేల్చారో చెప్పమనండి. ఇన్వర్టర్ రకాలకు ఈ లెక్క వర్తించదు, వాటిలో మూడు అంకెలూ సమానంగా రావాలి, నడిపేది విడిగా ఒక బోర్డు.

"బోర్డు కాలిపోయింది, కొత్తది వేయాలి" అన్నారు.

బోర్డు మొత్తం కాలిపోవడం అరుదు. సాధారణంగా పోయేది దానిమీద ఉన్న ఒక రిలే, ఉబ్బిపోయిన ఒక కేపాసిటర్, వదులైన టంకం అతుకు. బోర్డులు మాత్రమే రిపేరు చేసేవాళ్లు వేరే ఉంటారు, చిన్న గది, భూతద్దం, సోల్డరింగ్ ఐరన్, అంతే వాళ్ల సరంజామా. పాత మోడల్‌కు కొత్త బోర్డు దొరకనప్పుడు వీళ్లే దిక్కు. బోర్డు విప్పే ముందు వైర్లు ఏది ఎక్కడ ఉందో ఫొటో తీయమని మాత్రం చెప్పండి. వాషింగ్ మెషీన్ బోర్డుల మీద జిగురులాంటి పూత పోసి ఉంటే పని కష్టమవుతుంది, కొన్ని అసలు కుదరవు.

బోర్డు ఎందుకు పోయిందని కూడా అడగాలి. పంపు షార్టై దాన్ని కాల్చి ఉంటే, పంపు మార్చకుండా కొత్త బోర్డు పెట్టినా అదే గతి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది.

వాషింగ్ మెషీన్ స్పిన్‌లో విమానంలా అరుస్తోంది. డ్రమ్ మార్చాలంటున్నారు.

శబ్దం వేగంతోపాటు పెరుగుతుంటే బేరింగ్ అయి ఉండొచ్చు. ప్లగ్గు తీసి, ఖాళీ డ్రమ్‌ను చేత్తో తిప్పండి, గరగరమంటుందా? డ్రమ్ అంచు పట్టుకుని పైకి లేపితే బయటి టబ్బు కదలకుండా లోపలి డ్రమ్ ఒక్కటే ఊగుతోందా? రెండూ ఔనంటే అదే. నీళ్లు ఆపే సీలు ముందు అరిగి, నీళ్లు బేరింగ్‌లోకి దిగి తుప్పు పట్టిస్తాయి. కాబట్టి సీలు మార్చకుండా బేరింగ్ ఒక్కటే మారుస్తానంటే వద్దనండి. కొత్త మోడళ్లలో కొన్నిటికి టబ్బు రెండు ముక్కలనూ కరిగించి అతికేస్తారు, అప్పుడు మెకానిక్ "మొత్తం సెట్టు మార్చాలి" అంటే అది మోసం కాదు. పాత మోడళ్లకు చాలావాటికి బోల్టులే ఉంటాయి. ఈ ఒక్క విషయంలో పాతదై ఉండడం మీ అదృష్టం.

షాపుకు తీసుకెళ్లి చేస్తామంటే ఇవ్వొచ్చా?

బేరింగ్, గ్యాస్ లీకు లాంటి పనులకు తీసుకెళ్లడం సబబే. ఇచ్చే ముందు నాలుగు వైపులా, వెనక కంప్రెసర్ స్టిక్కరుతో సహా ఫొటోలు తీయండి. మోటారు మీద, బోర్డు మీద చెరగని ఇంకుతో చిన్న గుర్తు పెట్టండి. రసీదు మీద మోడల్ నంబరు, సీరియల్ నంబరు, మీరు చెప్పిన లోపం, తిరిగి ఇచ్చే తేదీ రాయించుకోండి. "మీరు సరే అనకుండా పని మొదలుపెట్టం" అన్న మాట కూడా అందులో ఉండాలి. షాపు ఎక్కడుందో చెప్పనివాళ్లకు సామాను అప్పగించకండి.

ఫ్రిజ్ తిరిగొచ్చాక వెంటనే ఆన్ చేయొద్దు. నిలబెట్టి తెచ్చినా కొన్ని గంటలు ఆగండి, పడుకోబెట్టి తెస్తే ఒక రోజు ఆగడం మంచిది. కంప్రెసర్ నూనె కిందికి దిగాలి.

"ఈ మోడల్‌కు పార్టులు రావడం లేదు" అనేది నిజమా, సాకా?

రెండూ ఉంటాయి. కొన్ని దేశాల్లో దీనికి చట్టం ఉంది: ఐరోపా యూనియన్‌లో 2021 మార్చి నుంచి అమలైన నిబంధనల ప్రకారం మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా ఫ్రిజ్‌ల ముఖ్యమైన పార్టులు 7 ఏళ్లు, తలుపు రబ్బర్లు, వాషింగ్ మెషీన్ పార్టులు 10 ఏళ్లు అందుబాటులో ఉంచాలి. అంతకు ముందు మార్కెట్లోకి వచ్చిన పాత మోడళ్లకు అది వర్తించదు.

బ్రాండు వేరైనా లోపలి పార్టు ఒకటే కావడం చాలా మామూలు. పంపులు, వాల్వులు, థర్మోస్టాట్లు, బేరింగులు చేసేది వేరే కంపెనీలు, అవే అన్ని బ్రాండ్లకూ వెళ్తాయి. పార్టు మీద అచ్చేసిన నంబరుతో వెతకండి, మెషీన్ పేరుతో కాదు. బేరింగ్ మీద 6205 అని ఉంటే ఆ కొలత బేరింగ్ ఏ బేరింగ్ షాపులోనైనా దొరుకుతుంది. తలుపు రబ్బరును కొలత ఇచ్చి చేయించుకోవచ్చు. ప్లాస్టిక్ నాబ్‌లు, హ్యాండిళ్లు తుక్కు కొనేవాళ్ల దగ్గర అదే మోడల్ పాత మెషీన్ నుంచి సంపాదించొచ్చు.

ఒరిజినల్ పార్టే వేయించాలా?

భద్రతతో ముడిపడ్డవి, అంటే గీజరు థర్మోస్టాట్, వేడి మితిమీరితే కరెంటు ఆపేసే కటౌట్, సేఫ్టీ వాల్వు, తలుపు లాక్ లాంటివి ఒరిజినలే. బెల్టు, పంపు, గొట్టం మంచి కంపెనీదైతే చాలు. "సెకండ్‌హ్యాండ్ వేశాను" అని ముందే చెప్పి ధర తగ్గిస్తే తప్పేం లేదు, కొత్తదని చెప్పి పాతది వేయడమే తప్పు. ప్యాకెట్టు మీ ముందు విప్పమనండి.

అడ్వాన్స్ ఇవ్వాలా?

పార్టు తెప్పించాల్సి ఉంటే పార్టు ఖర్చు మేరకు, రసీదు తీసుకుని. కూలీ పని అయ్యాకే.

బిల్లు ఎందుకు? గ్యారంటీ నోటిమాటగా ఇచ్చారు కదా.

నోటిమాట ఇచ్చినవాడు ఆర్నెల్ల తర్వాత ఫోన్ ఎత్తకపోతే చేయగలిగింది లేదు. బిల్లు మీద ఏ పార్టు మార్చారు, కూలీ ఎంత, గ్యారంటీ పార్టుకేనా పనికి కూడానా అన్నది విడివిడిగా ఉండాలి. అచ్చు బిల్లు లేని చిన్న మెకానిక్ అయితే ఈ వివరాలు మెసేజ్‌గా పంపమనండి, తేదీతో సహా ఉండిపోతుంది.

వారంలోనే మళ్లీ చెడిపోతే ముందు అదే మనిషికి అవకాశం ఇవ్వండి. మళ్లీ అదే లోపమా, కొత్తదా అన్నది తేలాలి. పాత మెషీన్‌లో ఒకటి బాగుచేస్తే ఇంకోటి బయటపడడం కొత్తేమీ కాదు, దానికి మెకానిక్‌ను తిట్టి లాభం లేదు. అదే లోపమై, మళ్లీ మొత్తం కూలీ అడిగితే మాత్రం ఊరుకోవద్దు.

నేనే విప్పి చూసుకోకూడదా?

ఫిల్టర్లు, గొట్టాలు, తలుపు రబ్బర్లు, ప్లగ్గు తీసేసిన ఫ్యాన్ కేపాసిటర్, మోటారు కార్బన్ బ్రష్‌లు ఓపికుంటే ఎవరైనా చేసుకోవచ్చు. కేపాసిటర్‌ను ముట్టుకునే ముందు డిశ్చార్జ్ చేయాలి. మైక్రోవేవ్ మాత్రం విప్పొద్దు. దాని లోపలి కేపాసిటర్ సుమారు 2000 వోల్టుల దాకా చార్జవుతుంది, ప్లగ్గు పీకేశాక కూడా ప్రాణం తీయగలదు. పాత డబ్బా టీవీల పిక్చర్ ట్యూబ్ దగ్గర ఇరవై వేల వోల్టులు దాటతాయి. గ్యాస్‌తో నడిచే గీజర్లు, పొయ్యిలు లైసెన్సు ఉన్నవాళ్లకే వదిలేయండి. ముట్టుకుంటే జివ్వుమనే సామాను ఏదైనా సరే, మెకానిక్ వచ్చేదాకా ప్లగ్గులో పెట్టొద్దు.

అటకమీద ఏళ్ల తరబడి ఉన్న రేడియో, టేప్ రికార్డర్ ఆన్ చేసి చూడనా?

వద్దు. వాడకుండా ఉన్న ఎలక్ట్రోలిటిక్ కేపాసిటర్లు లోపల పాడైపోయి ఉంటాయి, నేరుగా కరెంటిస్తే అవి పేలి ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా కాల్చొచ్చు. తెలిసిన మెకానిక్ మొదటిసారి సిరీస్ బల్బు పెట్టి, అంటే కరెంటు వచ్చే దారిలో ఒక బల్బు కలిపి ఆన్ చేస్తాడు. లోపల షార్టుంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, సామాను మాత్రం కాలదు. ఇలాంటివాటికి మామూలు రిపేరు షాపు కన్నా పాత రేడియోలు సేకరించేవాళ్లను వెతకండి. డబ్బు కోసం కాక ఇష్టం కొద్దీ చేసేవాళ్లు కాబట్టి పని నిదానంగా సాగుతుంది.

ఏడాది సర్వీస్ కాంట్రాక్టు తీసుకోవడం మేలా?

ఏసీ, నీళ్ల ఫిల్టరు లాంటి ఏటా శుభ్రం చేయాల్సినవాటికి ఆలోచించొచ్చు. పాత ఫ్రిజ్‌కు, వాషింగ్ మెషీన్‌కు చాలా కాంట్రాక్టుల్లో కంప్రెసర్, బోర్డు, ప్లాస్టిక్, రబ్బరు ఉండవు. అవి తీసేస్తే ఇంక మిగిలేదేముంది? సంతకం పెట్టే ముందు "వర్తించనివి" అన్న పేరా చదవండి.

ఇద్దరు ముగ్గురు చూసి లాభం లేదన్నారు. ఇప్పుడేం చేయాలి?

కారణం చెప్పి లాభం లేదన్నవాళ్ల నంబరు దాచుకోండి, చేతికొచ్చే పనిని కాదన్నారంటే రేపు కొత్త మెషీన్‌కు పిలవాల్సింది వాళ్లనే. సామానును ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికో, కొత్తది కొన్న షాపుకో ఇవ్వండి. ఫ్రిజ్ తుక్కుకు అమ్మేటప్పుడు రాగి కోసం గొట్టాలు అక్కడికక్కడే కోయనివ్వకండి, లోపలి గ్యాస్ గాలిలో కలిసిపోతుంది, ఆర్-600ఎ అయితే నిప్పంటుకోవచ్చు కూడా.

తీసుకెళ్లేదాకా అది ఆరుబయటో, మేడ మీదో ఉంటే తలుపు విప్పి పక్కన పెట్టండి. బయటినుంచి గడియ పడే పాతకాలపు ఫ్రిజ్‌లలో ఆడుకుంటూ దూరిన పిల్లలు ఊపిరాడక చనిపోయారు. తలుపు లోపలినుంచి తెరుచుకునేలా ఉండాలని అమెరికా 1956లో చట్టమే చేసింది. ఇప్పటి అయస్కాంతం తలుపులు లోపలినుంచి తోస్తే తెరుచుకుంటాయి, అయినా మీది ఏ కాలం నాటిదైనా రెండు కీలుల స్క్రూలు విప్పడం పది నిమిషాల పని.